ఇకనుంచి జిప్ పంపం
గ్రూపులో మైన్‌క్రాఫ్ట్ మాడ్స్ మాట వస్తే చాలు, "అన్నా, జిప్ పంపవా" అని నలుగురు అడుగుతారు. జిప్ అంటే వందల ఎంబీలు. ఒక్క మాడ్ మారినా మొత్తం మళ్లీ దించుకోవాలి. సిగ్నల్ కోసం గుట్టెక్కే మనకి ఈ పద్ధతి దండగ అని మేం అంటాం.

ప్యాక్‌విజ్ అని ఒక ఉచిత టూల్ ఉంది. మాడ్ ఎక్కడ దొరుకుతుందో ఆ లింకు, దాని హ్యాష్ చిన్న టెక్స్ట్ ఫైల్లో రాసిపెడుతుంది. పదిమందీ పంచుకోవాల్సింది ఆ కాస్త రాతే. మొదటిసారి మాడ్లన్నీ దిగాల్సిందే. తర్వాత దీని ఇన్‌స్టాలర్‌ని లాంచర్‌కి తగిలిస్తే మారినవే దిగుతాయి.

గొడవంతా మొదట్లోనే. బటన్లుండవు, నల్ల విండోలో టైప్ చేయాలి. గిట్‌హబ్‌లో లాగిన్ అయితే తయారుగా ఉన్న ఫైల్ దొరుకుతుంది, దాన్ని ఒక ఫోల్డర్లో విప్పాం. 'ప్యాక్‌విజ్' అని కొడితే విండోస్ అలాంటి కమాండే లేదంది. మాలో సగంమంది తమకి ఇంగ్లిష్ రాకే అనుకుని అక్కడే ల్యాప్‌టాప్ మూసేశారు. ఇంగ్లిష్‌కీ దీనికీ సంబంధమే లేదు. ఫైల్ ఏ ఫోల్డర్లో ఉందో విండోస్‌కి తెలీదు, అంతే. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కి వెళ్లి ఆ ఫోల్డర్ దారిని 'పాత్'లో చేర్చాలి. నల్ల విండో మూసి మళ్లీ తెరవాలి. మూయకుండా గంటసేపు టూల్‌ని తిట్టుకున్నది మేమే!

ఆ తర్వాత ఖాళీ ఫోల్డర్లో 'ప్యాక్‌విజ్ ఇనిట్' కొడితే పేరు, గేమ్ వెర్షన్, లోడర్ అదే అడుగుతుంది.

ఆగిపోయినవాళ్లు ఎర్రర్ ఫొటో పెట్టండి. రాత్రి భోజనాలయ్యాక కలిసి చూద్దాం.