ఇంటి తనఖా ఋణము: ఏ దారి మేలు?

త్రిపురారమునందు సాగరు ఎడమకాలువ క్రింద వరి పండించు నింటికి సొమ్ము కోతలకే వచ్చును. తనఖా ఋణమో నెలనెలా వాయిదా కోరును. కావున చిన్నవాయిదా, దీర్ఘమైన గడువు మేలని తోచును. దాని వెల చూడుడు. నూటికి ఏటికి 9 రూపాయల వడ్డీపై 10 లక్షలు తీసికొన్నచో 20 ఏండ్ల గడువునకు నెలకు 8,997 రూపాయలు, 15 ఏండ్లకు 10,143. నెలకు 1,146 ఎక్కువ కట్టిన, మొత్తము వడ్డీలో 3,33,000 పైగా మిగులును! 20 ఏండ్ల ఋణమున మొదటి వాయిదాలో వడ్డీయే 7,500. అసలునకు చేరునది 1,497 మాత్రమే.

మన యిండ్లకు వేఱొక దారి మేలని నా తలంపు. దీర్ఘమైన గడువే యుంచుకొని, కోతసొమ్ములో కొంత తొలియేండ్లలోనే అసలునకు జమకట్టుడు. మారుచుండు వడ్డీ గల గృహఋణములపై ముందుచెల్లింపునకు బ్యాంకులు జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు 2012లో శాసించినది. వాయిదా గాక గడువు తగ్గింపుడని వ్రాతమూలముగా కోరుడు. పంట పోయిన యేట ఈ యదనపు సొమ్ము కట్టకున్నను అడుగువారు లేరు. 10,143 వాయిదా యైనచో ఆ యేడును ఆగదు.