ఉభయకుశలోపరి

వెనకటి వుత్తరాలు మీకు జ్ఞాపకం వుండే వుంటాయి. "ఉభయకుశలోపరి" అని మొదలయ్యేవి. అసలు సంగతి ఆఖరి రెండు పంక్తుల్లో వుండేది - డబ్బు పంపమనో, పిల్లకు సంబంధం కుదిరిందనో. అయినా ఆ మొదటిమాట లేకుండా యెవరూ కలం కదిపేవారు కారు. ముందు క్షేమం, ఆ తర్వాతే లోకం.

యీ మర్యాదనే రెండంకెల్లో చెప్పే మనుషులున్నారు. వాళ్ళు "73" అంటారు. తంతి కొట్టేవాళ్ళు యేనాడో పెట్టుకున్న సంకేతమది. శుభాకాంక్షలని దాని అర్థం. హామ్‌లు, అనగా సరదాకోసం యింట్లో రేడియో పెట్టుకుని లోకంతో మాట్లాడే ఔత్సాహికులు, నేటికీ మాట ముగించేటప్పుడు అదే చెప్పుకుంటారు. యీ వారం వాళ్ళ సంగతులు నాలుగు మీతో ముచ్చటించాలని కూర్చున్నాను. యిందుకు కారణం కర్నూలులో మా మేనమామగారి యింటి అటక.

* * *

మొన్న ఆ యింటికి సున్నం వేయించడానికి సామాను దించాం. పాత సామాన్లు కొనే అతను వాకిట్లో తక్కెడతో సిద్ధంగా వున్నాడు. ఇత్తడి బిందెలు పోయాయి, తుప్పు పట్టిన ట్రంకుపెట్టె పోయింది. చివరికి ఒక నల్లటి డబ్బా దిగింది. ముందు రెండు మరలు, పక్కన ఒక యిత్తడి మీట, వెనక వేలాడే తీగలు. "దీంట్లో రాగి వుందిసార్, కిలోల్లెక్కన తీసుకుంటా" అన్నాడతను.

మా అత్తయ్యకిప్పుడు యెనభైయేడు. యాభై యేళ్ళపాటు ఆ డబ్బాను తిట్టిన మనిషి. "సవతి" అని దానికి పేరు పెట్టింది కూడా ఆవిడే. మంచం మీదనుంచి లేచివచ్చి దాని మీద చెయ్యి వేసింది.

"దీన్ని తూకానికేసేదేందిరా? ఆ పొద్దు మనల్ని బతికించిండేది యిదే గదరా" అంది.

తక్కెడ తీసుకుని అతను వెళ్ళిపోయాడు. నేను డబ్బా తుడవడం మొదలుపెట్టాను.

* * *

మామయ్య తంతి ఆఫీసు వుద్యోగి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం యేర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఆయనకు యిరవై రెండేళ్ళు. కచేరీలు డేరాల్లో నడిచిన రోజులవి. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోయినా ఆయన మీట చప్పుడు మాత్రం మానలేదు. పగలంతా ఆఫీసులో కొట్టిందే చాలక, యింటికొచ్చి మళ్ళీ కొట్టడానికి లైసెన్సు పుచ్చుకున్నాడు. మద్రాసు మూరుమార్కెట్టులో వాల్వులు కొనితెచ్చుకుని సెట్టు తానే కట్టుకున్నాడు.

మన దేశంలో యీ సరదా కొత్తదేమీ కాదు. 1921లోనే కలకత్తాలో అమరేంద్రచంద్ర గుప్తాగారు దీన్ని మొదలుపెట్టారు. 1939లో యుద్ధం రాగానే లైసెన్సులు రద్దయి, సెట్లు సర్కారుకు అప్పగించవలసివచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఔత్సాహికులు దేశమంతటికీ ఒక సంఘం పెట్టుకున్నారు. ప్రధానిగా పనిచేసిన రాజీవ్ గాంధీగారు కూడా హామే. ఆయన పిలుపు పేరు వీయూ2ఆర్‌జీ. శ్రీమతి సోనియాగారిది వీయూ2ఎస్‌ఓఎన్. మన హైదరాబాదులో 1983లో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ వెలిసింది. తెలుగు జిల్లాల్లో యెందరో కుర్రవాళ్ళకు మీట పట్టడం నేర్పింది యీ సంస్థే.

వీళ్ళకు వూరూ పేరూ తర్వాత. ముందు పిలుపు పేరు. మన దేశంవారి పేర్లు సాధారణంగా "వీయూ"తో మొదలవుతాయి. మాట కలిసిన తర్వాత ఒకరికొకరు పోస్టుకార్డు పంపుకుంటారు. "ఫలానా తేదీన, ఫలానా వేళకు మీరు నాకు వినబడ్డారు, నిజం" అని అందులో రసీదు. మామయ్య గదిలో గోడనిండా ఆ కార్డులే. జపాను, రష్యా, బ్రెజిలు. మా చిన్నతనంలో మాకు భూగోళశాస్త్రం ఆ గోడే.

"యాడనో వుండేవాళ్ళతో మాట్లాడితే యేమొస్తుంది మామా?" అని ఒకసారి అడిగాను.

"యేమీ రాదురా అబ్బీ. వాడున్నాడని నాకు తెలుస్తాది. నేనున్నానని వాడికి తెలుస్తాది. అంతే" అన్నాడు.

ఆ "అంతే" యెంత పెద్దదో నాకు 2009లో తెలిసింది.

* * *

ఆ యేడు మన సీమలో వానలు లేవు. ఆగస్టులో చేలు యెండిపోయాయి. సెప్టెంబరు ఆఖరుకు మబ్బు పట్టింది, పట్టి యిక వదల్లేదు. అక్టోబరు 2, గాంధీజయంతి నాడు, ఒకవైపు తుంగభద్రా మరోవైపు హంద్రీ కర్నూలు వీధుల్లోకి వచ్చాయి. నీటికోసం మొక్కిన వూరు నీటిలో మునిగింది. యెగువన మంత్రాలయం మునిగింది. దిగువన శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. దాన్ని కూడా దాటి నీళ్ళు నిలిచాయి. కరెంటు పోయింది. టెలిఫోను మూగబోయింది. సెల్‌ఫోను టవర్లు ఒక్కొక్కటే నిద్రపోయాయి.

నేనప్పుడు కడపలో వున్నాను. రెండువందల కిలోమీటర్ల దూరం. టీవీలో కర్నూలు వీధులు చూపిస్తున్నారు, అందులో మా మామయ్య వీధి యేదో గుర్తుపట్టే వీలు లేదు. పగలంతా ఫోను చేశాను. ఒకే ఒక ఆడగొంతుక, చెప్పినమాటే మళ్ళీ మళ్ళీ చెప్పింది. సాయంత్రానికి మా అమ్మ దేవుడి ముందు కూర్చుని లేవడం మానేసింది. తమ్ముడు గదా!

రాత్రి యెనిమిదింబావుకు ఫోను మోగింది. కన్నడ యాస తెలుగు.

"మీరు ఫలానావారేనా? మీ మామగారి సందేశం వుంది. కాగితం తీసుకోండి. అందరూ క్షేమం. మేడమీద పదకొండుమంది. వాళ్ళలో ఒక బాలింత. తాగే నీళ్ళు కావాలి. అక్కయ్యకు ఉభయకుశలోపరి అని చెప్పమన్నారు. అధికారులకు కూడా నేను ఫోను చేసి చెబుతున్నాను. వుంటాను."

ఆఖరిమాట వినగానే అమ్మ భోరుమంది. మామయ్య తన అక్కకు ప్రతి వుత్తరమూ అలాగే మొదలుపెట్టేవాడు. అది యింకెవరూ కల్పించి చెప్పే మాట కాదు.

ఆ సంతోషంలో ఆ పెద్దమనిషి పేరైనా అడగలేదు నేను. యీ తప్పు సంగతి ముందుకు చెబుతాను.

* * *

జరిగిందేమిటంటే, నీళ్ళు గడప తాకగానే అత్తయ్య బియ్యం మూట యెత్తుకోమంది. మామయ్యకప్పుడు డెబ్భైయెనిమిదేళ్ళు. బియ్యం మూట వదిలి డబ్బా యెత్తుకున్నాడు. ఇరుగుపొరుగు కుర్రాళ్ళచేత ఇన్వర్టరు బ్యాటరీ పైకి మోయించాడు. నీళ్ళ ట్యాంకు నుంచి పక్కింటి వేపచెట్టుకు అరవైయారడుగుల తీగ కట్టించాడు. "మేమంతా చస్తుంటే యీయన బట్టలారేసే తీగ కడతాండాడు" అని తిట్టానని అత్తయ్యే చెబుతుంది.

ఆ సెట్టు శక్తి అయిదు వాట్లు, రాత్రిపూట వెలిగించుకునే చిన్న బల్బుపాటి. కడప ఆకాశవాణి మీడియం వేవు ట్రాన్స్‌మిటరు శక్తి నూరు కిలోవాట్లని చెప్పుకునేవాళ్ళం. అంటే దీనికి యిరవై వేల రెట్లు. మరి యీ బుల్లి కూత అంతదూరం యెలా పోయింది? హామ్‌లు వాడే 40 మీటర్ల తరంగాలు నేలబారున పోయి ఆగిపోవు. ఆకాశంలో చాలా యెత్తున విద్యుదావేశం వున్న పొర ఒకటుంది. దానికి తగిలి, అద్దానికి తగిలిన యెండలాగా మళ్ళీ నేలకు దిగుతాయి. మధ్యలో టవరు అక్కరలేదు, తీగలు అక్కరలేదు. పైగా మాట్లాడే గొంతుక కన్నా మీట చప్పుడు తక్కువ శక్తితో యెక్కువ దూరం వినబడుతుంది. డొక్కు సెట్టయినా, తంతి ఆఫీసులో అరిగిన చెయ్యి అది. బెంగుళూరులో ఒకాయన చెవికి తగిలింది.

కర్నూలునూ కడపనూ కలపడానికి పందొమ్మిదో శతాబ్దిలో తెల్లవాళ్ళు కె.సి. కెనాలు తవ్వారు. ఆ రాత్రి ఆ రెండూళ్ళ మధ్య మాకోసం మరొక కాలువ పారింది - బెంగుళూరు మీదుగా, ఆకాశంలో.

మర్నాడు మధ్యాహ్నం పడవలో తాగునీళ్ళు వచ్చాయి, బాలింతను దాటించారు. తన సందేశంవల్లనే వచ్చిందని మామయ్య యెన్నడూ చెప్పుకోలేదు. హైదరాబాదునుంచి ఔత్సాహిక రేడియోవాళ్ళు కూడా సెట్లు తీసుకుని కర్నూలు వచ్చి వార్తలు అందించారు. వాళ్ళకిది మొదటిసారి కాదు. 2004 డిసెంబరులో హైదరాబాదు సంస్థ తరఫున భారతీ ప్రసాద్‌గారు, పిలుపు పేరు వీయూ2ఆర్‌బీఐ, ఒక బృందంతో పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళారు. అండమానునుంచి లోకంతో మాట కలపాలన్న సరదా ప్రయాణమది. డిసెంబరు 26న సునామీ వచ్చింది. సరదా ఆ క్షణాన ఆగిపోయి, అక్కడి మనుషుల క్షేమ సమాచారాలు ఆ సెట్లమీదుగా బయటి ప్రపంచానికి వచ్చాయి.

* * *

మామయ్య 2012లో పోయాడు. మరొక్క యేడు వుంటే, 2013 జూలైలో తంతి మూతపడ్డం కూడా చూడవలసివచ్చేది. హామ్‌లు తమలో యెవరైనా పోతే "చనిపోయా"రనరు. "సైలెంట్ కీ" అంటారు. మీట చప్పుడు ఆగిందని.

మనుషులేకాదు, చప్పుడాగిన వుపగ్రహం కూడా ఒకటుంది. 2005 మే 5న మన శ్రీహరికోటనుంచి హామ్‌సాట్ పేరుతో, ఔత్సాహికులకోసమే, నలభైరెండున్నర కిలోల చిన్న వుపగ్రహాన్ని ఇస్రో పంపింది. అందులో ఒక పరికరం హాలెండు దేశపు విద్యార్థి ఒకరు చేసిచ్చింది. 2014 జూలైదాకా తొమ్మిదేళ్ళు అది లోకంలో హామ్‌లందరి మాటా మోసింది. మామయ్య దాని పలుకు వినడానికి మేడమీద చేతిలో యేరియలు పట్టుకుని తిరిగేవాడు. పిట్టలు తోలుతున్నాడనుకునేవారు వీధిలోవాళ్ళు.

డబ్బాతోపాటు ఆయన లాగుబుక్కు కూడా దొరికింది. వరద చెమ్మకు పేజీలు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి గాని, పెన్సిలు రాత చెక్కుచెదరలేదు. ప్రతి పంక్తికీ తేదీ, వేళ, పిలుపు పేరు, చివర కార్డు పంపినట్టు ఒక టిక్కు. 2009 అక్టోబరు 2, గ్రీన్విచ్ కాలం 14 గంటల 12 నిమిషాలు, అంటే మనకు రాత్రి 7-42. దాని పక్కన టిక్కు లేదు. పంపడానికి అచ్చు కార్డులన్నీ కిందింట్లో మునిగిపోయాయి గదా. తర్వాత చూపు మందగించింది. ఆ కార్డు బాకీ అలాగే వుండిపోయింది.

నేను అడగని పేరు అక్కడుంది. తెలిసిన హామ్ మిత్రునిచేత వాకబు చేయించాను. కృతజ్ఞతలు చెబుదామని పదహారేళ్ళ తర్వాత బయలుదేరాను నేను. జవాబు వచ్చింది: సైలెంట్ కీ. కిందటేడే.

రెండు రోజులు మనసు బాగులేదు. అప్పుడు మామయ్య మనవరాలు, కడపలో పదోతరగతి చదువుతున్న పిల్ల, "కార్డు బాకీ మనిషితో పోదు పెద్దనాన్నా" అని ఒక తెల్లకార్డు తీసుకుంది. తేదీ, వేళ లాగుబుక్కులో వున్నట్టే రాసింది. కింద "73" అని రాసి తాతపేరు పెట్టింది. ఆయన కొడుకుగారి చిరునామాకు పంపాం.

వారం తిరక్కుండా కవరు వచ్చింది. లోపల ఆయన లాగుబుక్కులో ఒక పేజీ నకలు. అదే తేదీ. 14 గంటల 12 నిమిషాలు. నిమిషం తేడా లేదు. ఆయన పంక్తి చివర కూడా ఖాళీగా వుంచిన ఒక చిన్న గడి. కొడుకుగారు మా కార్డు అందాక అందులో టిక్కు పెట్టి మరీ నకలు తీయించారు.

అత్తయ్య ఆ కాగితాన్ని యిప్పుడు దేవుడి గూట్లో పెట్టుకుంది. సవతిని క్షమించినట్టే.

* * *

యిదంతా పాతకథ గదా, చేతిలో సెల్‌ఫోను వున్నవాళ్ళకెందుకు అంటారేమో. 2021 నవంబరు 19 తెల్లవారుజామున మన కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి వూళ్ళమీద పడింది. ఆ పూట కూడా చాలామంది చేతుల్లో ఫోన్లున్నాయి. అన్నిరోజులూ పనిచేసేది ఫోను. అది పనిచెయ్యని ఒక్కరోజుకోసం వూరికొక మనిషి వుంటే చెడ్డదా?

2025 జూలైలో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంనుంచి హామ్ రేడియోమీదనే మన పిల్లలతో మాట్లాడాడు. అది విన్నప్పటినుంచీ మా పిల్లకు పట్టుదల యెక్కువైంది. నిబంధనల ప్రకారం పన్నెండేళ్ళు నిండిన పిల్లలు కూడా పరీక్షకు కూర్చోవచ్చు. లైసెన్సు లేకుండా ప్రసారం చెయ్యడం నేరం గనుక ప్రస్తుతం తాత డబ్బాలో వినడమేగాని పలకడం లేదు. మీట మాత్రం విడిగా తీసి, బల్లమీద పెట్టుకుని సాధన చేస్తోంది. సాయంత్రంపూట యిల్లంతా టిక్కుటిక్కుమంటూంది.

మీ యింటి అటకమీద కూడా యిలాంటి డబ్బా వుంటే తూకానికి వెయ్యకండి. లైసెన్సున్న వాళ్ళెవరికైనా చూపించండి. కార్డు బాకీలుంటే రాసి పంపండి, ఆలస్యమైందని మానకండి.

వచ్చేవారం మరో సంగతి. అంతవరకూ పాఠకులందరికీ - 73.