నోరు విప్పితేనే మేలు

మా పిన్నికి బాబాయి ద్వారా హెచ్‌ఐవీ సోకింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పిన్ని మాత్రం క్రమం తప్పకుండా మందులు వాడుకుంటూ, మిషను కుట్టుకుంటూ నిలదొక్కుకుంది. ఆ మధ్య వాళ్లింటికి వెళ్తే కూర ముట్టకుండా మజ్జిగన్నమే మింగుతోంది. అడిగితే "వేడి చేసిందిలేవే" అంది. బలవంతాన నోరు తెరిపించి చూశాను. నాలుక పక్కన పుండు. నెల దాటిందట!

ఎందుకు చూపించుకోలేదంటారా? అంతకుముందు విరిగిన పన్ను చూపించుకోవడానికి వెళ్లి, తన జబ్బు సంగతి దాచకుండా చెప్పింది. ఆ డాక్టరుగారు కుర్చీలోంచి లేపి "పెద్దాసుపత్రికి వెళ్లమ్మా" అన్నారట. అంతే, మళ్లీ ఎక్కడా నోరు విప్పలేదు.

ఈ జబ్బున్న వాళ్లకు నోరు అద్దంలాంటిది. ఒంట్లో శక్తి తగ్గితే చాలామందికి అక్కడే ముందు తెలుస్తుంది. నాలుక మీద పెరుగు తరకల్లాంటి తెల్లపూత ఫంగస్ వల్ల వస్తుంది, మందులతో తగ్గుతుంది. అంగిట్లో ఊదారంగు మచ్చ వస్తే కపోసి సార్కోమా అనే క్యాన్సర్ కావచ్చు. నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు కూడా వీళ్లకు ఎక్కువే. దానికి గుట్కా, ఖైనీ తోడైతే చెప్పేదేముంది? ఉత్తరాంధ్ర పల్లెల్లో కొందరు ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట కూడా అలాంటిదే. ఏఆర్‌టీ మందులు వాడుతున్నాం కదా అని ధీమాగా ఉండటానికి లేదు.

డాక్టర్లకూ ఒక మాట. తమకు హెచ్‌ఐవీ ఉందని తెలియకుండానే మీ కుర్చీలో కూర్చునేవాళ్లు ఉంటారు. అందుకే చేతికి గ్లవ్స్, శుద్ధిచేసిన పరికరాలు ప్రతి రోగికీ తప్పనిసరి. ఆ జాగ్రత్త ఉన్నచోట భయమెందుకు? నిజం చెప్పిన పాపానికి పంపించేస్తే, రేపు ఎవరు చెబుతారు? హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడాన్ని 2017లో వచ్చిన చట్టం నిషేధించింది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది.

చివరికి పిన్నిని మరో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా మాకు నిద్ర లేదు. క్యాన్సర్ కాదు! విరిగిన పన్ను ఒరుసుకుని వచ్చిన పుండట. పన్ను సరిచేశాక మానిపోయింది. మొదటాయన ఆ పన్ను చూసుంటే అసలు పుండే వచ్చేది కాదు.

అందరికీ ఇంత అదృష్టం ఉండదు. రెండు వారాల్లో మానని పుండు, తగ్గని మచ్చ, మింగుడుపడని నొప్పి ఉంటే "వేడి" అని సరిపెట్టుకోకండి. సిగ్గుపడాల్సింది రోగి కాదు, వెనక్కి పంపినవాళ్లు.