చలకలో చుక్కనీరు

డ్రిప్పు పరచినంతనే నీరు ఆదా యగుననియు, గొట్టమునుండి జారిన చుక్క నేరుగా వేరునే చేరుననియు లోకమున స్థిరపడిన నమ్మకమును నేను అంగీకరింపజాలను. గొట్టము నీటిని మొక్క మొదలు దాకా తెచ్చుట సత్యమే. ఆపైన దానిని నడపునది మన్ను.

ఒకనాడు వరంగల్లు జిల్లాలోనిదై, 2016 నుండి జనగామ జిల్లాలో చేరిన మా రఘునాథపల్లి ప్రాంతమున చలకయు కలదు, రేగడియు కలదు, రెంటను పత్తియే. రేగడిలోని సూక్ష్మరంధ్రములు నీటిని ప్రక్కలకును బలముగా లాగుకొనుటచే తడి ఉల్లిగడ్డవలె విస్తరించును. చలకలో రంధ్రములు పెద్దవగుటచే భూమ్యాకర్షణమే పైచేయియై, తడి ముల్లంగివలె సన్నగా దిగిపోవును. ఒక ఉదయము చలకలో డ్రిప్పరు క్రింద గడ్డపారతో త్రవ్వి చూచితిని. పైన జానెడు తడిమచ్చ. లోపల మోకాటి లోతున మొరము తగులువరకును మన్ను పిడికిట ముద్దగట్టినది. మూరెడు దూరమున సాళ్ల నడుమ తీసిన మన్ను వ్రేళ్ల సందున పొడియై రాలినది. ఆ తడిమచ్చ చిన్నదిగా కనబడుచున్నదనియే కదా మనము మోటారును ఇంకొక గంట నడుపుచున్నది!

లెక్క చూడుడు. గంటకు 4 లీటర్లు కార్చు డ్రిప్పర్లు 60 సెంటీమీటర్ల కొకటిగా, గొట్టములు మీటరున్నర కొకటిగా ఉన్నచో ఒక్కొక్క డ్రిప్పరు వంతు 0.9 చదరపు మీటరు. పైరు దినమునకు 5 మిల్లీమీటర్లు త్రాగినను 4.5 లీటర్లు చాలును. గంటకు కొంచెము పైన. నాలుగు గంటలు నడిపినచో 16 లీటర్లు ఆ సన్నని దారినే దిగి, యూరియానుండి ఏర్పడిన నైట్రేటును వెంటగొనిపోవును. పిమ్మట ఆకు పసుపుబారినదని మరల యూరియా!

కరెంటు వచ్చినప్పుడే తడి పెట్టుకొనవలసిన దినములలో ఈ అలవాటు క్షమార్హము. 2018 జనవరి 1 నుండి సేద్యమునకు ఇరువదినాలుగు గంటలును విద్యుత్తు లభించుచుండగా, చలకకు ఉదయము అరగంట, సాయంత్రము అరగంట చొప్పున పెట్టుటకు అడ్డేమి? డ్రిప్పర్లను దగ్గరదగ్గరగా అమర్చుకొనరాదా? రేగడికి గీచిన కొలతనే చలకకును వర్తింపజేయుట ఏ శాస్త్రము?

దిగిన నీరు మరల బోరులోనికే వచ్చును కదా యని కొందరందురు. కొంత రావచ్చును. అది నైట్రేటుతో వచ్చును. పత్తి ఏరుటకు వచ్చిన కూలీలు మధ్యాహ్నము దోసిలి పట్టి త్రాగునది ఆ బోరు నీరే.