సరిహద్దునకు ఒకే నియమము

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరినది. మన వియ్యములు మాత్రము నగరి, పుత్తూరులను విడువలేదు. 2020లో మహమ్మారి ఆ బాంధవ్యమును పరీక్షించినది. ఏప్రిలులో వేలూరు జిల్లా సరిహద్దు దారులపై గోడలు లేచి, కూలినవి. జూన్ 19 నుండి తిరువళ్ళూరు పట్టణమున పూర్తి నిర్బంధము, తిరుత్తణిలో లేదు. సెప్టెంబరు 1న జిల్లాల నడుమ ఇ-పాసు తొలగినను, రాష్ట్రముల నడుమ నిలిచినది. చెన్నపురికి పోవువానికి అక్కరలేని చీటి, పొరుగుననున్న నగరిలో తల్లి కడచూపునకు పోయి మరలివచ్చు బిడ్డకు వలసినది.

వ్యాధిని అరికట్టుటకు కట్టుబాట్లు అవసరమే. మేము కోరునది సడలింపు కాదు, ఏకరీతి. రెండు ప్రభుత్వములును సరిహద్దు తాలూకాలకు ఒకే నియమమును ముందుగానే ఏర్పరచి, తమిళముతోబాటు తెలుగునను ప్రకటింపవలెను. మరియొక విపత్తు రాకమునుపే సభ్యులు ఈ కోరికను వ్రాతమూలముగా అధికారులకు తెలుపుదురుగాక.