పోర్టల్ శకునాలతో సీటు రాదు

2019 మార్చిలో ఓ రాత్రి. అమెరికాలో ఎంఎస్ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. ఉన్న యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి మారాలని దరఖాస్తు పెట్టుకుని అప్పటికి పది వారాలైంది. రోజుకు నాలుగైదుసార్లు పోర్టల్ తెరవడం, ‘పరిశీలనలో ఉంది’ అన్న ముక్క చూసి మూసేయడం... ఇదే పని. ఆ రాత్రి మాత్రం ఆ ముక్క పక్కన కొత్తగా ‘హౌసింగ్’ అనే బటన్ కనిపించింది.

వెంటనే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఐదు నిమిషాల్లో తీర్పు వచ్చేసింది. ‘కంగ్రాట్స్ బ్రో, హౌసింగ్ వచ్చిందంటే అడ్మిట్ పక్కా’ అన్నాడొకడు. ‘మా సీనియర్‌కీ ఇలాగే వచ్చింది, వారంలో లెటర్ వచ్చేసింది’ అన్నాడు ఇంకొకడు. ఖమ్మంలో అప్పుడు పొద్దున్న. నాన్నకు ఫోన్ చేసి చెప్పేశాను. సాయంత్రానికల్లా బంధువులందరికీ తెలిసిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ మరుసటి వారం మా డిపార్ట్‌మెంట్ నుంచి మెయిల్ వచ్చింది. వచ్చే ఏడాది కూడా అసిస్టెంట్‌షిప్‌లో కొనసాగుతావా అని అడిగారు. ఫీజులో పెద్ద భాగం మాఫీ, పైగా నెలనెలా స్టైపెండ్. ‘వద్దండీ, వెళ్లిపోతున్నాను’ అని రాసేశాను. మూడు వారాల తర్వాత అవతలి యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. సీటు ఇవ్వలేమని. పరుగెత్తుకుంటూ డిపార్ట్‌మెంట్‌కు వెళ్తే, నా అసిస్టెంట్‌షిప్ అప్పటికే వేరే అమ్మాయికి ఇచ్చేశారు. నాన్న చిట్టీ ఎత్తి కొంత, అప్పు చేసి కొంత పంపారు. ఒక్క మాట కూడా అనలేదు. నానమ్మ మాత్రం ఫోన్‌లో అనేసింది: ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు చేశావు కదరా!’

తర్వాత అడ్మిషన్స్ ఆఫీసుకు మెయిల్ పెట్టి ఆ బటన్ సంగతి అడిగాను. ఆ సెమిస్టర్‌కు దరఖాస్తు చేసిన అందరికీ అది తెరిచామని ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. ఆ మూడు లైన్ల మెయిల్ మార్చిలోనే పెట్టి ఉంటే సరిపోయేది.

బటన్లు ఎందుకు మారతాయి?

ఇంజినీరింగ్ చదివినవాళ్లం కాబట్టి కాస్త లోపలికి వెళ్లి చూద్దాం. మనకు కనిపించే పోర్టల్ ఒక్కటే అయినా, దాని వెనక అడ్మిషన్స్, ఫైనాన్షియల్ ఎయిడ్, హౌసింగ్, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ఇలా చాలా విభాగాలుంటాయి. ఎవరి పని వాళ్లు, ఎవరి షెడ్యూల్ ప్రకారం వాళ్లు చేసుకుంటూ పోతారు. దరఖాస్తు చేరగానే చాలాచోట్ల స్టూడెంట్ ఐడీ తయారవుతుంది. అది సీటు గుర్తు కాదు, డేటాబేస్‌లో మన ఫైలుకు ఇచ్చిన నంబరు. ‘ఫాల్’ అని సెమిస్టర్ పేరు కనిపించడానికి కారణం, మనం దరఖాస్తు చేసిందే ఆ సెమిస్టర్‌కు కాబట్టి. బ్యాంక్ స్టేట్‌మెంట్ అప్‌లోడ్ చేయమన్నారంటే ఐ-20 సిద్ధమవుతోందని మనవాళ్లు పండగ చేసుకుంటారు. కానీ చాలా యూనివర్సిటీలు ఆ కాగితాలను విదేశీ విద్యార్థులందరి దగ్గరా దరఖాస్తుతోపాటే అడుగుతాయి. ఒక లింక్ రావడానికీ పోవడానికీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా కారణం కావచ్చు.

అయినా ఈ శకునాలు నిజమనిపిస్తాయి. ఎందుకంటే ఊహ ఫలించినవాడు గ్రూపులో కేక వేసి చెబుతాడు. ఫలించనివాడు మౌనంగా గ్రూపు నుంచి వెళ్లిపోతాడు. అందుకే మనకు వినపడేవన్నీ గెలిచినవాళ్ల కథలే. నేను కూడా నా రిజెక్ట్ సంగతి ఆ గ్రూపులో చెప్పలేదు. నా తర్వాత హౌసింగ్ బటన్ చూసిన ఎవరికో నా స్క్రీన్‌షాటే ‘రుజువు’గా కనిపించి ఉంటుంది.

అసలు మెయిలే తప్పయితే?

బటన్ల దాకా ఎందుకు, అధికారికంగా వచ్చిన మెయిల్ కూడా తప్పయిన సందర్భాలున్నాయి. 2009లో శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, అప్పటికే సీటు నిరాకరించిన దాదాపు 28,000 మందికి కూడా అడ్మిట్ అయ్యారంటూ స్వాగతం పలుకుతూ మెయిల్ పంపింది. తర్వాత క్షమాపణ చెప్పింది. 2015 ఫిబ్రవరిలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌కు దరఖాస్తు చేసిన సుమారు 800 మందికి సీటు వచ్చిందని చెప్పి, కొన్ని గంటల్లోనే అది పొరపాటని ఇంకో మెయిల్ పంపింది. కంప్యూటర్ సైన్స్‌కు అంత పేరున్న చోటే ఇలా జరిగితే, ఒక బటన్ మీద మనం ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో ఆలోచించండి.

తప్పంతా విద్యార్థులదేనా?

కాదు. నేను గట్టిగా చెప్పేది ఇదే. నెలల తరబడి ఒక్క మాట కూడా చెప్పకపోతే ఎవరైనా శకునాలే వెతుక్కుంటారు. ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు ఈ బాధ ఇంకా ఎక్కువ. కొత్తగా చేరేవాళ్ల నిర్ణయాలయ్యాక, సీట్లు ఎన్ని మిగిలాయో తేలాక చాలాచోట్ల వీళ్ల వంతు వస్తుంది. కాలిఫోర్నియాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో పిల్లలు రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి, తర్వాత యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు మారడం ఉంది. వాళ్లకు నిర్ణయాలు ఏప్రిల్ 30 కల్లా చెబుతారు. చేరతామని చెప్పడానికి జూన్ 1 దాకా గడువుంటుంది. కానీ ఒక్కో క్యాంపస్ ఒక్కో రోజున ఫలితాలు విడుదల చేస్తుంది. ఈలోపు ఇంట్లో అందరూ పోర్టల్ జ్యోతిష్కులే అవుతారు.

మన దగ్గర ఐఐటీ, ఎన్ఐటీ సీట్లకు జోసా కౌన్సెలింగ్ చూడండి. అసలు కేటాయింపుకు ముందు మాక్ అలాట్‌మెంట్ ఇస్తారు. ఇది తుది ఫలితం కాదు, చూసుకుని ఆప్షన్లు మార్చుకోండి అని ముందే చెబుతారు. సంకేతం ఇచ్చారు, దాని విలువ ఎంతో కూడా చెప్పారు. ర్యాంకుల మీద నడిచే పద్ధతి కాబట్టి అది కుదురుతుంది. వ్యాసాలు, సిఫార్సు లేఖలు చదివి నిర్ణయించే చోట మాక్ అలాట్‌మెంట్ కుదరదు, ఒప్పుకుంటాను. కానీ ‘పోర్టల్‌లో కనిపించే మార్పులు నిర్ణయాన్ని సూచించవు, ఫలానా తేదీకల్లా ఉత్తరం వస్తుంది’ అని పోర్టల్ మొదటి పేజీలో రెండు వాక్యాలు రాయడానికి ఏం అడ్డం? వేల డాలర్ల ఫీజులు తీసుకునే సంస్థల నుంచి ఆ మాత్రం ఆశించడం అత్యాశ కాదు.

తిరిగి రాని అడుగు వేయొద్దు

వాళ్లు మారేదాకా జాగ్రత్త మనదే. పోర్టల్ చూడొద్దని చెప్పను. చెప్పినా ఎవరూ వినరు, నేనూ వినలేదు. సంతోషపడండి, స్నేహితులతో ఊహాగానాలు చేయండి. కానీ ఆ ఊహ మీద తిరిగి రాని అడుగు మాత్రం వేయకండి. అసిస్టెంట్‌షిప్ వదులుకోవడం, గది ఖాళీ చేస్తామని చెప్పడం, వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్ రద్దు చేసుకోవడం ఇలాంటివే.

ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకొకటుంది, సెవిస్ రికార్డు బదిలీ. ఇప్పుడున్న యూనివర్సిటీలోని డీఎస్‌వో ఒక విడుదల తేదీ పెడతారు. ఆ తేదీ లోపు మనసు మార్చుకుంటే రద్దు చేసుకోవచ్చు. తేదీ దాటితే రికార్డు కొత్త యూనివర్సిటీ చేతిలోకి వెళ్లిపోతుంది, పాత క్యాంపస్‌లో ఉద్యోగం చేసే అనుమతి కూడా ఆగిపోతుంది. కొత్తచోట తరగతులు ఐదు నెలల్లోపు మొదలవ్వాలి. కాబట్టి చేతిలో లెటర్ లేకుండా ఆ తేదీ గురించి మాట్లాడకండి.

లెటర్ వచ్చినా నిదానంగా చదవండి. మీ పేరు, ప్రోగ్రామ్, సెమిస్టర్ సరిగ్గా ఉన్నాయా? షరతులేమైనా పెట్టారా? మాస్టర్స్‌లో ట్రాన్స్‌ఫర్ అంటే చాలాచోట్ల కొత్త దరఖాస్తుతో సమానం. చదివిన క్రెడిట్లలో కొన్నింటినే లెక్కలోకి తీసుకుంటారు. ఎన్ని తీసుకుంటారో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. అనుమానమొస్తే గ్రూపులో కాదు, అడ్మిషన్స్ ఆఫీసును అడగండి. పేరు, అప్లికేషన్ నంబరు, ఒక సూటి ప్రశ్న, అంతే. జవాబు ఆలస్యం కావచ్చు, కానీ వచ్చాక అది జవాబు. గ్రూపులో వచ్చేది ఓదార్పు.

విదేశాలకు వెళ్లే ఆలోచన లేదు, నాకెందుకిదంతా అనుకుంటున్నారా? ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లదీ ఇదే కథ. హెచ్ఆర్ మన ప్రొఫైల్ చూశారని, ఇంటర్వ్యూ పది నిమిషాలు ఎక్కువ సాగిందని, జాయినింగ్‌కు ఎన్ని రోజులు పడుతుందని అడిగారని వచ్చేసినట్టే అనుకుంటాం. చేతిలో ఉన్న ఇంకో ఇంటర్వ్యూకు డుమ్మా కొడతాం. 2022లో ఆఫర్ లెటర్లు అందుకున్న ఎంతోమంది ఫ్రెషర్లే జాయినింగ్ తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూశారు. లెటర్ ఉన్నవాళ్ల పరిస్థితే అది. ఇక సంకేతాల సంగతి చెప్పాలా?

ఇప్పటికీ మార్చి వచ్చిందంటే జూనియర్ల నుంచి మెసేజ్‌లు మొదలవుతాయి. ‘అన్నా, పోర్టల్‌లో కొత్త లింక్ వచ్చింది, సీటు వచ్చేసినట్టేనా?’ అని. వాళ్ల ఉత్సాహం చూస్తే కాదనడానికి మనసొప్పదు. అయినా ఒకటే అడుగుతాను: ‘లెటర్ వచ్చిందా తమ్ముడూ?’ రాలేదంటే, ఈ రోజు చేయాల్సిన అసైన్‌మెంట్ చేసుకొమ్మంటాను. ఇంట్లో నాన్నకు చెప్పే ఫోన్ కాల్ ఇంకొన్నాళ్లు ఆగగలదు.