పెండ్లి వీడియోలకొక భోషాణము



క్రిందటి సంవత్సరము బతుకమ్మ పండుగకు ముందు మహబూబాబాదు నుండి మా చెల్లెలు ఫోను చేసి కంటతడి పెట్టినది. ఆమె వివాహము 2006వ సంవత్సరమున జరిగినది. ఆనాటి వీడియో రెండు డి.వి.డి. బిళ్లలలో నున్నది. మా తల్లిగారు గతించి తొమ్మిదేండ్లు కావచ్చినది. ఆమె నడచుచు, మాటాడుచు, నవ్వుచు కనబడు చిత్రము మా వారిలో నెవ్వరియొద్దను మరి లేదు. మనుమరాలు అమ్మమ్మను చూతునని పట్టుపట్టగా చెల్లెలు బిళ్లను యంత్రమున వేసినది. జీలకఱ్ఱ బెల్లము వరకు బాగుగనే నడచి, అప్పగింతలయొద్ద తెర నిలిచిపోయినదట. "అక్కా, అమ్మ నన్ను పట్టుకొని ఏడ్చే కాడికి వచ్చి ఆగిపోయింది. మళ్ల మళ్ల పెట్టినా అంతే" అని యామె చెప్పుచుండగా మాకును మాట పెగలలేదు.

అదృష్టవశమున ఆ బిళ్లల రెండవ జత భూపాలపల్లిలో, సింగరేణి క్వార్టర్లలో నున్న మా తమ్ముని యింట దొరకినది. స్టూడియోవారు నాడు మగపెండ్లివారికొక జత, ఆడపెండ్లివారికొక జత యిచ్చియుండిరి. మా మరదలు దానిని అమ్మగారి పట్టుచీరలో చుట్టి బీరువాలో నుంచినది. అది చెక్కుచెదరలేదు. చెల్లెలిది టీవీ ప్రక్క కిటికీలో నుండెను. స్టూడియోలలో వ్రాసి యిచ్చు డి.వి.డి.యందు చిత్రమును నిలుపునది పలుచని రంగుపూత. వేడికిని వెలుతురునకును ఆ పూత చెడును. రంగు వెలియునని పట్టుచీరను ఎండ తగులనీయని మనము, తల్లి రూపమున్న బిళ్లను కిటికీలో నుంచుచున్నాము.

ఆ పిమ్మట మా మూడిండ్లవారము కూడి యొక యేర్పాటు చేసికొంటిమి. మేముండునది జనగామ. ఒకప్పుడు మూడూళ్లును వరంగల్లు జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాలు విడిపోగా తోబుట్టువులము ముగ్గురము మూడు జిల్లాలవారమైతిమి. ఈ ఎడమే మాకు పనికివచ్చినది. ఎట్లనగా ముందు చెప్పెదము.

మేము కొన్న పెట్టెను నాస్ అందురు. చూచుటకు పోపులపెట్టెకంటె కొంచెము పెద్దది. లోపల రెండు హార్డ్ డిస్కులు పట్టు అరలు గలవు. వెనుక కరెంటు తీగకొక చోటు, రౌటరు నుండి వచ్చు తీగకొక చోటు. మామూలు డిస్కు ఏ యంత్రమునకు తగిలించిన ఆ యంత్రమునకే పనిచేయును. ఇది రౌటరునకు తగిలియుండుటచే ఇంటిలోని టీవీ, ఫోనులు, కంప్యూటరు అన్నియు దానిలోని వీడియోలను చూడవచ్చును. వాడకట్టున బావి యొకటియై, చేదలు ఎవరివి వారికుండినట్లు.

ఎంత డిస్కు కొనవలెనని మొదట తడబడితిమి. లెక్క సులభమే. పూర్తి హెచ్.డి. చిత్రమనగా తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మంచి వీడియో కెమెరా ఇట్టి చిత్రమును సెకనుకు 24 మెగాబిట్ల వరకు వ్రాయును. అనగా గంటకు దాదాపు 11 గిగాబైట్లు. మా మూడిండ్ల వీడియోలు, పెండ్లిండ్లు, పుట్టువెండ్రుకలు, 2015 గోదావరి పుష్కరములకు కాళేశ్వరము పోయినప్పటివి, మేడారము జాతరవి, చెల్లెలి యింటికి చేరువ తండాలో ఆడపడుచుల తీజ్ పండుగవి, అన్నియు కలిపిన 120 గంటలకు లోపే. అన్నిటిని హెచ్.డి. క్రిందనే లెక్కించినను ఒకటిన్నర టెరాబైటు మించదు. 4 టెరాబైట్ల డిస్కులు రెండు కొంటిమి. పిల్లల పెండ్లిండ్లకును చోటుండవలెను గదా!

ఇచ్చట నొక హెచ్చరిక. పాత వి.హెచ్.ఎస్. క్యాసెట్టును "హెచ్.డి. చేసి యిత్తుము" అని రెట్టింపు సొమ్మడుగువారు గలరు. క్యాసెట్టునుండి వచ్చు చిత్రమునకు మన దేశపు పద్ధతిలో 576 గీతలే. అవియు మెత్తగా నుండును. లేని వివరమును యంత్రము పుట్టింపజాలదు, సాగదీయగలదంతే. మామూలుగా మార్పించుకొన్న చాలును. కాని ఆలసింపరాదు. క్యాసెట్టు నడుపు యంత్రములను కడపట చేయుచుండిన జపాను కంపెనీ 2016 జూలైతో మానుకొన్నది. ఇప్పుడు ఎవరియొద్దనున్నను అవి పాతవే. చెడిన బాగుచేయువారు అరుదు.

పెట్టె వచ్చిన నాడు మా యింటివారు దానిని వైఫైతో టీవీకి కలిపి, "అయిపోయింది" అనిరి. రెండు నిమిషములకొకమారు బొమ్మ ఆగి గిరగిర తిరుగు చక్రము కనబడెను. మాది మందపు గోడల పాత యిల్లు. రౌటరు వసారాలో, టీవీ వెనుకగదిలో. వైఫైలో రెండు విధములు గలవు. 2.4 అనునది గోడలు దాటును గాని యిరుగుపొరుగువారి వైఫైలతో ఒరసికొని నీరసించును. 5 అనునది వడిగలది గాని గోడయన్న దానికి సరిపడదు. మూడవనాడు కేబులు పనివానిని పిలిపించి వసారానుండి వెనుకగదికి తీగ లాగించితిమి. అంతటితో చక్రము మాయమైనది. తీగను, రౌటరును గిగాబిట్ వేగమునకు తగినవే కొనుడు. టెరాబైటు సరకు పెట్టెలో నింపుటకు నూరు మెగాబిట్ల దారిలో ఇంచుమించు ఒక పగలు, ఒక రాత్రి పట్టును. గిగాబిట్ దారిలో మూడు గంటలు చాలవచ్చును.

ఇక చూపించు యంత్రము. మా టీవీ పాతది. తమ్ముని కొత్త ఫోనులో తీసిన వీడియోకు మాట వినబడెను గాని బొమ్మ రాలేదు. ఫైలు చెడిపోయెనని అందరమును బెంగపడితిమి. చెడలేదు. చిత్రమును కుదించి వ్రాయుటకు 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతి యొకటి, 2013లో వచ్చిన హెచ్.265 పద్ధతి యొకటి గలవు. రెండవది దాదాపు సగము చోటులో ఇమిడించును గాని పాత టీవీలకు అది చదువరాదు. టీవీకి తగిలించు చిన్న మీడియా ప్లేయరును, రెండును చదువునది కొనగా చిక్కు తీరినది. దానిలో కోడి యను ఉచితమైన సాఫ్ట్‌వేరు వేసితిమి. మన కోడిపుంజు కాదు, పేరే అంత. ఫోనులలో వి.ఎల్.సి. చాలును.

ఫైళ్లకు పేర్లు పెట్టుపని మేమే చేసితిమి. ఇది ఆడవారు తప్ప చేయలేరని మా నమ్మకము. ఎవరి పెండ్లి ఏ యేట, ఎవరి బారసాలకు ఎవరు రాలేదు, ఈ లెక్క మగవారికి తెలియునా? మొదట సంవత్సరము, పిదప నెల, పిదప సందర్భము వ్రాసిన పేర్లన్నియు కాలక్రమమున తామే వరుసలో నిలుచును.

పెట్టెలోని రెండు డిస్కులను అద్దమువలె ఏర్పరచవచ్చును. ఒకదానిలో వ్రాసినదెల్ల వెంటనే రెండవదానిలోను పడును. ఒకటి చెడినను రెండవది నిలుచును. ఇది చూచి మేము నిశ్చింతగా నిద్రపోతిమి. ఎండాకాలపు సెలవులలో మఱది కొడుకు ఆటల వీడియోలకు చోటు చేయబోయి మనుమని అన్నప్రాశనపు సంచిని మొత్తము తుడిచివేసినాడు. రెండవ డిస్కులో చూతుము గదా, అందును లేదు! అద్దము ముందు మనము కాటుక పులుముకొన్న అద్దములోనిదియు పులుముకొనును. డిస్కు చెడిపోవుటకు ఈ యేర్పాటు మందు. చేతి పొరపాటునకు కాదు, దొంగకు కాదు, ఇల్లు కురిసి పెట్టె తడిసినను కాదు.

మమ్ము కాపాడినది భూపాలపల్లి. సంక్రాంతికి మరదలు వచ్చినప్పుడు అన్నిటిని మరియొక విడి డిస్కులోనికి ఎక్కించి పంపియుంటిమి. ఫోనులో సంగతి చెప్పగా ఆమె నవ్వి, "బీరువాల ఉన్నది వదినె, అమ్మ చీరల చుట్టి పెట్టిన. ఐతారం నాడు పట్టుకొస్త" అన్నది. పరకాల మీదుగా బస్సులో డిస్కు వచ్చినది, అన్నప్రాశనము తిరిగి వచ్చినది. అప్పటినుండి విడి డిస్కులు రెండు పెట్టుకొంటిమి. ఒకటి భూపాలపల్లిలో, ఒకటి మహబూబాబాదులో. సంక్రాంతికి ఒకటి, బతుకమ్మకు ఒకటి జనగామకు వచ్చి కొత్తవి ఎక్కించుకొని పోవును. విడి డిస్కు పెద్ద ఫైలును తీసికొననని మొరాయించిన భయపడకుడు. ఫ్యాట్ 32 పద్ధతిలో సిద్ధపరచినది 4 గిగాబైట్లకు మించిన ఫైలును పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చిన పట్టును. మార్చునప్పుడు లోపలిదంతయు పోవును గాన ఖాళీగా నున్నప్పుడే మార్చవలెను.

ఊరినుండి ఊరికి ఇంటర్నెట్టు ద్వారానే చూడవచ్చునని అమ్మువారు ఆశపెట్టెదరు. మేము ఆ తలుపు తెరువలేదు. 2021 జూన్ నెలలో ఒక పేరుమోసిన కంపెనీవారి పాత పెట్టెలను ఎవరో దూరమునుండి ఇంటర్నెట్టు ద్వారా తుడిచివేయగా, ఎన్నో దేశములలో ఎందరి కుటుంబ చిత్రములో ఒక్కనాటిలో మాయమైనవి. మా వీడియోలు చూడవలెనన్న మా యింటికి రావలసినదే. వచ్చినవారికి భోజనమును గలదు.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు అందుకొనులోపల గల రెప్పపాటుకే పెట్టె ఆగి మరల లేచుచుండెను. వ్రాయుచుండగా అట్లాగిన ఫైలు చెడవచ్చును. చిన్న యు.పి.యస్. పెట్టితిమి. పాస్‌వర్డు మొదట మా యింటివారికి మాత్రమే తెలిసియుండెను. ఆయన డ్యూటీలో నుండగా చుట్టములు వచ్చిన మేము మూసిన పెట్టెను చూచుచు కూర్చుండవలసి వచ్చెడిది. ఇప్పుడది పాలలెక్క పుస్తకము అట్టలోపల వ్రాసియున్నది. కొత్త పెట్టె కొనిన సోదరీమణులు ఆ మొదటినాడే అడిగి వ్రాసికొందురు గాక.

ఈ నెల మూడవ వారమున చెల్లెలు కూతురిని వెంటబెట్టుకొని రైలులో వచ్చినది. అప్పగింతలు 41వ నిమిషమున గలవు. పిల్ల రిమోటు తీసికొని తిన్నగా ఆ చోటికే పోయినది. మా తల్లిగారు చెల్లెలిని పట్టుకొని యేడ్చుచు, నడుమ ఆగి, కెమెరావానిని చూచి, "బిడ్డా, నువ్వు తిన్నవా?" అని యడిగినారు. పందొమ్మిదేండ్లుగా ఆ మాట అందులో నున్న సంగతి మాలో నెవ్వరికిని తెలియదు.